తెనాలి దాణా షాపుకి సెకండ్ హ్యాండ్ బండి: బొలెరోనా, దోస్తా, ఇంట్రానా?

తమ్ముడూ, నువ్వు రాసింది మొత్తం చదివాను. మధ్యలో చదివేవాళ్ల కోసం నీ సంగతి క్లుప్తంగా చెప్పేస్తా. తెనాలి దగ్గర పశువుల దాణా షాపు. గుంటూరు మిల్లుల నుంచి పత్తి చెక్క, తవుడు తెచ్చుకుని కొల్లిపర, దుగ్గిరాల, అమృతలూరు వైపు ఊళ్లలో పాడి రైతులకి ఇంటి దగ్గరే దింపుతావు. యాభై కిలోల బస్తాలు మామూలు రోజుల్లో 22 నుంచి 25, గిరాకీ ఎక్కువున్నప్పుడు 35 దాకా. రోజుకి సుమారు 60 కిలోమీటర్లు. బడ్జెట్ ఐదున్నర లక్షలు. చూసిన బండ్లు మూడు: 2019 బొలెరో పికప్ 1.7 టన్నులది ఐదున్నర లక్షలకి, 2018 అశోక్ లేలాండ్ దోస్త్ టన్నుంపావుది మూడు లక్షల అరవై వేలకి, 2021 టాటా ఇంట్రా వీ30, బీఎస్ 6 అంటే కొత్త పొగ రూల్స్‌ది, ఐదు లక్షల ఇరవైకి. ఏది తీసుకుంటే రిపేర్లు తక్కువ, ఏది నమ్మకం అని అడిగావు.

ముందే చెప్పేస్తా, నేనైతే దోస్త్ తీసుకుంటా. అది కూడా ఆ బండి కింద పడుకుని చూశాక బాగుంటేనే. దోస్త్ మిగతా రెండిటికన్నా గొప్ప బండి అని కాదు, నువ్వు వేసే లోడుకి, తిరిగే రోడ్డుకి అది సరిపోతుంది. మా ఆటోనగర్‌లో ఏళ్ల తరబడి ఈ చిన్న బండ్ల ఇంజన్లు విప్పి బిగించాను, ఇప్పుడు సొంత బండ్లు కూడా తిప్పుతున్నా, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. షెడ్డుకి వచ్చే రిపేర్లలో సగానికి పైగా కంపెనీ వల్ల వచ్చినవి కావు, బండి మోయాల్సినదానికన్నా ఎక్కువ మోసినందుకు వచ్చినవి. టాటా ఏస్ మీద టన్నున్నర ఇసుక వేసి, ఏడాదిలో క్రౌన్ పినియన్, అదే వెనక చక్రాల్ని తిప్పే గేర్ల జత, పోయిందని కంపెనీని తిట్టేవాళ్లు ఉంటారు. ఏస్ చేసింది ముప్పాతిక టన్ను మోయడానికి, దానిది రెండు సిలిండర్ల ఇంజను, పాపం అదేం చేస్తుంది?

నీ లెక్క చూద్దాం. 25 బస్తాలంటే పన్నెండు వందల యాభై కిలోలు, టన్నుంపావు. దోస్త్‌కి రాసిచ్చిన బరువు సరిగ్గా అంతే. 35 బస్తాలంటే పదిహేడు వందల యాభై, అంటే 1.7 టన్నుల బొలెరోకి కూడా ఒక బస్తా ఎక్కువే. ఇప్పుడు ఆ 35 బస్తాల రోజులు నెలకి ఎన్ని వస్తాయో వేళ్ల మీద లెక్కపెట్టు. రెండు మూడే అయితే ఆ రోజులకి బొలెరో కిరాయికి మాట్లాడుకో, లేదా రెండు ట్రిప్పులు వెయ్యి. ఆ రెండు మూడు రోజుల కోసం నెలంతా పెద్ద ఇంజనుకి డీజిల్ పోయడం దండగ. అదే వారానికి మూడు నాలుగు రోజులు 30 బస్తాలు దాటుతున్నాయంటే మాత్రం ఇంకో ఆలోచన లేదు, బొలెరోకే వెళ్లు, దోస్త్ మీద ఆ బరువు వేసి దాని నడుం విరగ్గొట్టకు. పట్టుబడితే ఓవర్‌లోడ్ ఫైను కూడా మామూలుగా ఉండదు, 2019లో చట్టం మార్చిన దగ్గర్నుంచి 20 వేలు, దాని మీద అదనపు టన్నుకి 2 వేలు.

డీజిల్ తేడా ఎంతో చెప్తా. బొలెరో ఇంజను 2523 సీసీ, నాలుగు సిలిండర్లు. దోస్త్‌ది 1478 సీసీ, మూడు సిలిండర్లు. లోడుతో మన పల్లెటూరి రోడ్ల మీద, ఆగుతూ వెళ్తూ ఉంటే బొలెరో లీటరుకి 12 ఇస్తే సంతోషించాలి, దోస్త్ 15 ఇస్తుంది. మెయిన్ రోడ్డు మీద ఖాళీగా తోలినప్పుడు వచ్చే మైలేజీ చెప్పి అమ్మేవాడి మాట పట్టించుకోకు. రోజుకి 60 చొప్పున 25 రోజులు వేసుకుంటే నెలకి 1500 కిలోమీటర్లు. బొలెరోకి 125 లీటర్లు, దోస్త్‌కి 100. లీటరు 98 వేసుకుంటే నెలకి రెండు వేల నాలుగు వందల యాభై తేడా, ఏడాదికి 29,400. కొనే రేటులో ఉన్న లక్షా తొంభై వేల తేడాకి ఇది అదనం. ఫైనాన్స్‌లో తీసుకుంటే ఆ లక్షా తొంభై మీద వడ్డీ కూడా వేసుకో.

రిపేర్లకి నేను వాడే లెక్క ఒకటుంది. సెకండ్ హ్యాండ్ బండికి కిలోమీటరుకి ఇంత అని పక్కన పెట్టేస్తా, టైర్లతో కలిపి. దోస్త్ లాంటి దానికి రెండు రూపాయలు, బొలెరోకి రెండున్నర. ఏడాదికి 18 వేల కిలోమీటర్లంటే దోస్త్‌కి 36 వేలు, బొలెరోకి 45 వేలు. ఇది సగటు సుమా, ఒక ఏడాది పది వేలతో గడిచిపోతుంది, ఇంకో ఏడాది క్లచ్, టైర్లు, బ్యాటరీ కూడబలుక్కున్నట్టు ఒకేసారి వస్తాయి. బొలెరో టైరు 15 ఇంచులది, మిగతా రెండిటివీ 14 ఇంచులవి, టైరు దగ్గరే ఒక్కోదానికి తేడా తెలుస్తుంది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ దగ్గర మాత్రం ఏ బండైనా ఒకటే. 7500 కిలోల లోపు సరుకు బండ్లన్నిటికీ థర్డ్ పార్టీ ప్రీమియం ఒకే రేటు, 2022 నోటిఫికేషన్ ప్రకారం 16,049, పన్ను అదనం. చిన్న బండి కదా థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తక్కువ పడుతుంది అని ఎవరైనా చెప్తే నమ్మకు.

అలాగని బొలెరోని తక్కువ చేయట్లేదు. మన దగ్గర పికప్ అంటే బొలెరోనే అన్నట్టు ఎందుకు అయ్యిందో దాని కింద చూస్తేనే తెలుస్తుంది. ఇంజను ముందు బానెట్ కింద ఉంటుంది, మెకానిక్ నిలబడి పని చేసుకోవచ్చు. దోస్త్‌లో, ఏస్‌లో ఇంజను సీట్ల కింద, చిన్న పనికైనా సీటు ఎత్తాలి, ఎండాకాలం క్యాబిన్లో వేడి కూడా ఉంటుంది. చిన్న ఊళ్లో ఉండే మెకానిక్కి కూడా బొలెరో ఇంజను తెలుసు, అర్ధరాత్రి దుగ్గిరాల దగ్గర ఆగిపోయినా ఎవడో ఒకడు వచ్చి స్టార్ట్ చేస్తాడు. స్పేర్ పార్టులకైతే ఆటోనగర్లో కొత్తది, డూప్లికేటు, పాత బండి నుంచి విప్పింది, మూడు రకాలూ దొరుకుతాయి. తిరిగి అమ్మేటప్పుడు కూడా రేటు నిలబడుతుంది. దాని చిక్కల్లా ఏంటంటే, గట్టి బండి అని పేరుంది కాబట్టి దాన్ని కొట్టినంతగా ఇంకే బండినీ కొట్టరు. 1.7 టన్నుల బండి మీద రెండున్నర వేసి తోలినవాళ్లు ఎంతమందో. అందుకే పాత బొలెరోల్లో ఇంజను బాగుండి వెనక హౌసింగ్ (క్రౌన్ పినియన్ ఉండే డబ్బా), కమాన్ కట్టలు (బరువు మోసే స్ప్రింగు పట్టీలు), చాసిస్ అరిగిపోయినవి ఎక్కువ కనిపిస్తాయి. ఐదున్నర లక్షలు పెట్టి కొని, వెంటనే క్రౌన్ పినియన్ మార్చాల్సి వస్తే ఏడుపొస్తుంది.

ఇంట్రా సంగతి వేరే. బండి మంచిదే. క్యాబిన్ బాగుంటుంది, 1496 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజను దోస్త్ కన్నా స్మూత్‌గా ఉంటుంది, లోడు కూడా 1.3 టన్నులు. నా భయం దాని మీద కాదు, బీఎస్ 6 డీజిల్ మీద, అది కూడా నీ లాంటి వాడకానికి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన డీజిల్ బండ్లలో సైలెన్సర్ లైన్లో మసిని పట్టుకునే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. అది మసిని పట్టుకుని, పొగ బాగా వేడెక్కినప్పుడు కాల్చేసుకుంటుంది. వేడెక్కాలంటే బండి కాసేపు ఆగకుండా ఒక స్పీడులో పోవాలి. నువ్వేమో రెండు కిలోమీటర్లు వెళ్లి ఒక రైతు ఇంటి దగ్గర నాలుగు బస్తాలు దింపి, బండి ఆన్‌లోనే పెట్టి డబ్బుల లెక్క చూసుకుని, మళ్లీ కిలోమీటరు వెళ్లి ఆగుతావు. ఇలా నెలల తరబడి తిరిగితే ఫిల్టర్ మసితో నిండిపోతుంది, మీటర్లో లైటు వెలుగుతుంది, పికప్ పడిపోతుంది, చివరికి షోరూమ్‌కి తీసుకెళ్లి కంప్యూటర్ పెట్టి కాల్పించాలి. వారానికి రెండు మూడుసార్లు గుంటూరు వెళ్లొస్తావు కాబట్టి ఆ దూరం కొంత కాపాడుతుంది, కానీ తెనాలి నుంచి గుంటూరు రోడ్డు మీద కూడా ఆగకుండా పోయేది ఎంతసేపు? ఇలాంటి బండి సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే పాత ఓనర్ ఆ ఫిల్టర్ని ఏం చేశాడో కూడా చూసుకోవాలి, కొందరు లోపలంతా పీకేసి ఖాళీ డబ్బా బిగించేస్తారు, అది చట్టప్రకారం తప్పు, ఎఫ్‌సీకి, అదే ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి, వెళ్లినప్పుడు ఆ తలనొప్పి నీది. కొన్ని బీఎస్ 6 బండ్లకి డీజిల్‌తో పాటు యూరియా నీళ్లు, అదే డెఫ్, కూడా పోయాలి. రోజూ విజయవాడ నుంచి ఏలూరో ఒంగోలో హైవే మీద పోయి వచ్చేవాడు అడిగితే ఇదే ఇంట్రాని తీసుకోమని చెప్పేవాణ్ణి.

పదేళ్లు దాటిన డీజిల్ బండి ఇక నడవనివ్వరంట, పాత పొగ రూల్స్‌ది బీఎస్ 4 కొంటే మునుగుతావు అని కూడా ఎవరో నీకు చెప్పారని రాశావు. అది ఢిల్లీ, దాని చుట్టుపక్కల ఎన్‌సీఆర్ సంగతి. మన దగ్గర ఎఫ్‌సీ పాసైనంత కాలం బండి తిరుగుతుంది.

సీఎన్‌జీ గురించి ఒక్క మాట. విజయవాడలో బంకులు ఉన్నాయి, మారుతి సూపర్ క్యారీ లాంటివి సీఎన్‌జీలో చవగ్గా తిరుగుతాయి. కానీ నీ లోడుకి సూపర్ క్యారీ చాలదు, పైగా సిలిండర్‌కి మూడేళ్లకోసారి హైడ్రో టెస్టు చేయించాలి. నీకు అవసరం లేదు, వదిలెయ్.

ఇక అసలు విషయం. పేరు, మోడల్, కిలోమీటర్లు కన్నా ముందు ఆ బండి ఇంతకుముందు ఏం మోసిందో కనుక్కో. అమ్మేవాడు చెప్పడు, తొట్టి చెప్తుంది. భీమవరం, కైకలూరు, ఆకివీడు వైపు నుంచి వచ్చిన బండ్లంటే నేను రెండుసార్లు ఆలోచిస్తా. చేపలు, రొయ్యలు, ఐసు వేసుకుని తిరిగిన బండికి ఉప్పునీళ్లు కారి కారి తొట్టి కింద క్రాస్ మెంబర్లు, చాసిస్ లోపలి వైపు పొరలు పొరలుగా తుప్పు పడుతుంది. పైన కొత్త రంగు వేసి నిలబెడితే పెళ్లికొడుకులా ఉంటుంది, కింద స్క్రూడ్రైవర్‌తో గీకితే రేకు అప్పడంలా విరిగి చేతిలోకి వస్తుంది. ఇసుక, ఇటుక, ఇనుము మోసిన బండికి కమాన్ పట్టీలు వంపు పోయి చదునుగా కూర్చుండిపోయి ఉంటాయి. గ్యాస్ సిలిండర్లు, వాటర్ క్యాన్లు వేసిన బండికి ఇంజను బాగున్నా క్లచ్, బ్రేకులు, ఫస్టు సెకండు గేర్లు అయిపోయి ఉంటాయి, రోజంతా ఆగడం, కదలడమే కదా. మిర్చి బండ్లు ఒక రకంగా నయం, టిక్కీలు ఎత్తుగా పేర్చినా బరువు మరీ దారుణంగా ఉండదు. క్యాబిన్ డోరు తీయగానే తుమ్ము వస్తే మిర్చి యార్డు బండి అని అర్థం చేసుకో, ఎయిర్ ఫిల్టర్ ఒకటి తప్పకుండా విప్పి చూడు. నేను వెతికేది పాల బండి. కిలోమీటర్లు ఎక్కువ ఉంటాయి, అందరూ భయపడి రేటు తక్కువ అడుగుతారు. కానీ పాల బండి తెల్లారుజామున ఆగిపోతే పాలు విరిగిపోతాయి కాబట్టి ఓనరు ఆయిల్ సర్వీసు టైముకి చేయిస్తాడు, లోడు కూడా రోజూ ఒకటే, రూటూ ఒకటే. లక్షన్నర తిరిగిన పాల బండి, ఎనభై వేలు తిరిగిన ఇసుక బండి పక్కపక్కన పెడితే కళ్లు మూసుకుని పాల బండి తీసుకుంటా.

మీటరు రీడింగ్‌ని అసలు నమ్మకు, దాన్ని తిప్పడానికి అరగంట పట్టదు. క్లచ్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ మీద చెయ్యి పెట్టే చోటు, డ్రైవర్ సీటు కుడి అంచు, ఈ మూడూ అరిగి నున్నగా ఉండి మీటరు అరవై వేలు చూపిస్తే అది అబద్ధం. పెడల్ రబ్బరు కొత్తగా తళతళలాడుతుంటే ఇంకా పెద్ద అనుమానం.

విజయవాడలో బండి చూస్తున్నావు కాబట్టి ఇంకోటి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, చుట్టుపక్కల కాలనీలన్నీ రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఇంటి ముందు పెట్టిన ఆటోలు, చిన్న ట్రక్కులు ఎన్నో మునిగాయి. వాటిలో కొన్ని కడిగి, తుడిచి, ఇంజను ఆయిల్ మార్చి మళ్లీ రోడ్డెక్కాయి, కొన్ని చేతులు మారాయి. ఓనర్లని తప్పు పట్టను, వాళ్ల నష్టం వాళ్లది, కానీ కొనేవాడు తెలుసుకుని కొనాలి. మా షెడ్డుకి అలాంటి బండి ఒకటి వచ్చింది, కంప్లయింట్ ఏంటంటే ఒక రోజు సెల్ఫ్ తీసుకుంటుంది, ఒక రోజు తీసుకోదు, మీటర్లో లైట్లు వాటంతట అవే వెలుగుతాయి. డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి వైరింగ్ కప్లర్ ఒకటి లాగితే లోపల పిన్నులన్నీ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. సీటు జరిపే రెయిల్ సందులో ఎండిపోయిన ఒండ్రు మట్టి, గోటితో తీస్తే పెచ్చుగా ఊడింది. కొన్నవాడికి నీళ్లలో మునిగిన బండి అని ఎవరూ చెప్పలేదు. కాబట్టి నువ్వు చూసే బండికి కాళ్ల కింద మ్యాట్ ఎత్తు, సీటు బోల్టులు తుప్పు పట్టాయేమో చూడు, ఫ్యూజ్ బాక్స్ మూత తీసి టార్చ్ వెయ్యి, హెడ్‌లైట్ గ్లాసు లోపలి వైపు నీటి గీత ఉందేమో చూడు. కామన్ రైల్ ఇంజను, అంటే డీజిల్‌ని కరెంటుతో నడిచే ఇంజెక్టర్లు చిమ్మే ఇంజను, ఉన్న ఏ బండికైనా ఈసీయూ (ఇంజను కంప్యూటర్), సెన్సార్లు ఉంటాయి, అవి ఒకసారి మునిగితే ఆ తర్వాత ఎప్పుడు మొండికేస్తాయో చెప్పలేం. అలాంటిది సగం రేటుకి వచ్చినా నేను ముట్టుకోను.

దోస్త్ చూడ్డానికి వెళ్లేటప్పుడు ఒక పని చెయ్యి. పొద్దున్నే వస్తా, బండి స్టార్ట్ చేయకుండా ఉంచమని రాత్రే ఫోన్ చేసి చెప్పు. వెళ్లగానే ఇంజను మీద చెయ్యి పెట్టి చూడు. గోరువెచ్చగా ఉందంటే నువ్వు వచ్చేలోపు వేడి చేసి పెట్టాడని అర్థం, చల్లని స్టార్టింగులో ఏదో కష్టం ఉంది, టీ తాగి ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చెయ్. చల్లగా ఉంటే రేడియేటర్ మూత తీసి చూడు, నీళ్ల మీద నూనె తెట్టు ఉండకూడదు. ఆయిల్ గేజి తీసి చూడు, ఆయిల్ నల్లగా ఉన్నా పర్వాలేదు, డీజిల్ బండికి అది మామూలే, కానీ పాలు కలిపిన కాఫీ రంగులో ఉండకూడదు. తర్వాత సెల్ఫ్ కొట్టించు. ఒకటి రెండు తిప్పుల్లో అందుకోవాలి. కాసేపు తెల్ల పొగ వచ్చి పోతే ఫర్వాలేదు. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతోంది, రింగులో, వాల్వ్ సీళ్లో, టర్బోనో. నల్ల పొగైతే ముందు ఎయిర్ ఫిల్టర్, తర్వాత ఇంజెక్టర్లు అనుమానించాలి. ఇంజను నడుస్తుండగా ఆయిల్ పోసే మూత వదులు చేసి దాని మీదే పెట్టు, మూత చిన్నగా అదిరితే సరే, ఎగిరి పడుతోందంటే లోపల కంప్రెషన్ కిందకి తన్నుతోంది, ఇంజను పని దగ్గర పడింది. దోస్త్ మూడు సిలిండర్ల ఇంజను కాబట్టి స్టాండింగులో కొంచెం ఊగుతుంది, అది చూసి కంగారు పడకు, కానీ క్యాబిన్ మొత్తం గజగజలాడుతుంటే ఇంజను మౌంటింగులు చూపించు, అవి పెద్ద ఖర్చు కాదు.

తర్వాత బండి కింద పడుకో. దీనికి బద్ధకించేవాడు సెకండ్ హ్యాండ్ బండి కొనకూడదు. వెనక కమాన్ కట్టని చాసిస్‌కి పట్టుకునే బ్రాకెట్ ఉంటుంది కదా, దాని చుట్టూ టార్చ్ వేసి చూడు. ఓవర్‌లోడ్ తిరిగిన బండికి మొదట చీలిక వచ్చేది అక్కడే. సన్నని వెంట్రుకలాంటి గీత, దాని వెంబడి తుప్పు మరక కారినట్టు ఉంటుంది. వెల్డింగ్ చేసి ఉంటే ఉబ్బెత్తుగా తెలుస్తుంది. చాసిస్ మొత్తం పాత దుమ్ముతో ఉండి ఆ ఒక్క చోట మాత్రం నిగనిగలాడే నల్ల రంగు వేసి ఉంటే, వేలితో తడిమి చూడు, రంగు కింద ఎత్తు తగులుతుంది. అలా ఉంటే బేరం కూడా ఆడకు. కమాన్ పట్టీల్లో విరిగిన పట్టీ ఉందేమో, రెండు వైపులా ఎత్తు ఒకేలా ఉందేమో చూడు. అదనంగా ఒకటి రెండు పట్టీలు ఎక్కించి ఉంటే ఆ బండి ఏం బరువు మోసిందో ఇక అడగక్కర్లేదు. గేర్‌బాక్స్ నుంచి వెనక హౌసింగ్‌కి వెళ్లే జాయింట్ షాఫ్ట్ చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పు, క్రాస్ దగ్గర టకటక ఆడకూడదు.

తోలి చూసేటప్పుడు ఖాళీ బండి తోలితే ఏమీ తెలియదు. నీ బస్తాలే ఓ ఇరవై వేసి, ఏదైనా రైల్వే ఓవర్ బ్రిడ్జి ఎక్కించు. ఎక్కేటప్పుడు ఇంజను చప్పుడు పెరిగి బండి మాత్రం స్పీడు అందుకోకపోతే క్లచ్ ప్లేట్ జారుతోంది. దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలేస్తే వెనక నుంచి ఉయ్ మని గోల వస్తే క్రౌన్ పినియన్ చూడాలి. అమ్మేవాడు పాటలు పెట్టాడంటే ఆపమను. దీనికంతా తెలిసిన మెకానిక్‌ని వెంట తీసుకెళ్లి వెయ్యో పదిహేను వందలో ఇవ్వు, ఏనుగుని కొన్నవాడు అంకుశం దగ్గర వెనకాడినట్టు చేయకు. ఆ మెకానిక్ అమ్మేవాడి తరఫు మనిషి కాకుండా చూసుకో, అది మాత్రం మర్చిపోకు.

కాగితాల దగ్గర చాలామంది సీ బుక్, ఇన్సూరెన్స్ చూసి ఊరుకుంటారు. బొలెరో 1.7 టన్నుల దానికి, దోస్త్‌కి ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా ఉంది. బండి బరువు, లోడు కలిపి 3000 కిలోలు దాటని సరుకు బండికి మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. నువ్వు చూసిన దోస్త్ ఆ లోపే. 1.7 టన్నుల బొలెరో దాటుతుంది, పర్మిట్ ఉందో లేదో, తేదీ ఎప్పటిదాకా ఉందో చూసుకోవాలి. ఎఫ్‌సీ ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటేటా. 2018 దోస్త్‌కి 2026లో ఎనిమిదేళ్లు నిండుతాయి, అక్కడి నుంచి ప్రతి ఏడూ ఎఫ్‌సీకి తీసుకెళ్లాలి. ఆ ఖర్చు చూపించి రేటు తగ్గించమని అడుగు, న్యాయమైన మాటే. రవాణా శాఖ పరివాహన్ సైట్లో నంబరు కొట్టి ఫైనాన్స్ ఉందేమో, ఎఫ్‌సీ, టాక్స్ ఎప్పటిదాకా ఉన్నాయో, చలాన్లు ఎన్ని పెండింగ్‌లో ఉన్నాయో చూడు. ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిందని కంపెనీ ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి వచ్చాకే మిగతా డబ్బు ఇవ్వు, కిస్తీలన్నీ కట్టేశాను, కాగితం వారంలో వస్తుంది అనే మాట మీద ఒక్క రూపాయి కూడా ఇవ్వకు. పేరు మార్పు ఫారాలు 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని పక్కన పడేయకుండా నెలలోపు పేరు మార్పించుకో. ఇన్సూరెన్స్ కూడా పద్నాలుగు రోజుల్లో నీ పేరు మీదకి మార్చమని కంపెనీకి రాసివ్వు. థర్డ్ పార్టీ దానంతట అదే నీకు వర్తిస్తుంది కానీ నీ బండికి జరిగిన డ్యామేజీకి డబ్బులు అడగాలంటే పాలసీ నీ పేరు మీద ఉండాలి. లైసెన్స్ సంగతి కూడా అడిగావు కదా, ఎల్ఎంవీ, అదే మామూలు కారు లైసెన్స్, ఉంటే చాలు, 7500 కిలోల లోపు సరుకు బండి తోలడానికి వేరే బ్యాడ్జి అక్కర్లేదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది.

ఫైనాన్స్ వాళ్లు సీజ్ చేసిన బండ్ల యార్డు గురించి కూడా రాశావు. రేటు తక్కువే ఉంటుంది, కానీ కిస్తీ కట్టలేనివాడు సర్వీసు మాత్రం ఎక్కడ చేయించి ఉంటాడు? పైగా నెలల తరబడి ఎండకీ వానకీ కదలకుండా నిలబడితే బ్యాటరీ చచ్చిపోయి, ఎలుకలు వైర్లు కొరికి, బ్రేకులు పట్టేసి ఉంటాయి. చాలాచోట్ల తోలి చూడనివ్వరు కూడా. పని తెలిసినవాళ్ల ఆట అది, నువ్వు అటు పోకు.

దోస్త్ అన్నీ బాగుండి కుదిరితే మూడు లక్షల అరవై దగ్గర ఆగకు, మూడు ఇరవై, ముప్ఫైకి దిగుతాడు. టైర్ల మీద నాలుగంకెల నంబరు చదువు, 2319 అని ఉంటే 2019లో ఇరవై మూడో వారంలో తయారైంది అని. నాలుగూ పాతవైతే అక్కడే ఇరవై వేలు తగ్గించమని అడగొచ్చు. తీసుకున్నాక ఒక నలభై, యాభై వేలు మొదటి ఖర్చుకి ఉంచుకో. ఇంజను, గేర్‌బాక్స్, హౌసింగ్ ఆయిళ్లు మూడూ మార్చు, పాత ఓనర్ మొన్నే మార్చానని చెప్పినా సరే. డీజిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, బెల్టులు, బ్రేక్ లైనింగులు. డీజిల్ ఫిల్టర్ మాత్రం కంపెనీదే వెయ్యి. డూప్లికేటు వేస్తే నీళ్లు, చెత్త ఆపదు, కామన్ రైల్ ఇంజెక్టర్ ఒకటి పోతే ఎన్ని ఫిల్టర్ల డబ్బో నువ్వే లెక్కేసుకో. ఫిల్టర్ కింద చేరిన నీళ్లు అప్పుడప్పుడు వదలడం కూడా అలవాటు చేసుకో, అది రెండు నిమిషాల పని. వానాకాలంలో కాలవ గట్ల మీద తిరుగుతావు కాబట్టి వెనక టైర్లు మరీ నున్నగా అయ్యేదాకా ఉంచకు, గ్రీజు పెట్టే పాయింట్లన్నిటికీ నెలకోసారి గ్రీజు కొట్టించు.

ముందు దోస్త్ నంబరు పరివాహన్‌లో కొట్టి చూడు, అది క్లియర్‌గా ఉంటే ఆదివారం పొద్దున్నే వెళ్లు. వెనక కమాన్ బ్రాకెట్ల దగ్గర రెండు వైపులా ఫ్లాష్ వేసి ఫొటోలు తీసి పంపు, డ్యాష్‌బోర్డు కింద వైరింగ్‌ది కూడా ఒకటి. అవి చూశాక టోకెన్ అడ్వాన్సు ఇవ్వొచ్చో లేదో చెప్తా.